కడగొద్దన్న గోడలు

పొద్దున్నే లేచి ఒనేలియా చేసే మొదటి పని కాఫీ పెట్టుకోవడం కాదు, గోడ కడుక్కోవడం. బకెట్లో సబ్బునీళ్ళు, అందులో పిండిన సగం నిమ్మచెక్క, ఒక పాత దుప్పటి ముక్క. ముందురోజు సాయంత్రం ఊగే కుర్చీలో కూర్చుని వీధి చూస్తూ ఎక్కువసేపు ఉండిపోయిందంటే, కుర్చీ వెనక గోడకి ఆమె నీడ అంటుకుపోయి ఉంటుంది. భుజాలు, మెడ, ముడి వేసిన జుట్టు, అన్నీ. దాన్ని రుద్ది వదలగొట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు కాఫీ.

ఆమె నీడ పుట్టు బద్ధకస్తురాలు. మనిషి లేచి వెళ్ళిపోయినా అది లేవదు. చిన్నప్పుడు బళ్ళో పాఠం అప్పజెప్పలేదని ఒక మూల నిలబెడితే, శిక్ష అయిపోయి ఇంటికొచ్చాక కూడా నీడ ఆ మూలే నిలబడి ఉందని టీచరమ్మ కబురు పెట్టింది. వాళ్ళమ్మ బకెట్టు పట్టుకుని వెళ్ళి కడిగొచ్చింది. ఆ తర్వాత చుట్టల ఫ్యాక్టరీలో కిటికీ పక్క బల్ల దగ్గర నలభై ఏళ్ళు పొగాకు చుట్టింది. ఏటా సున్నం వేసేవాళ్ళు ముందు ఆమె గోడతోనే మొదలుపెట్టేవాళ్ళు, అక్కడ రెండు పూతలు పడాలి గనక. కమహువనీ ఊళ్ళో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకరికి ఎడమచేతి వాటం, ఒకరికి పిల్లికళ్ళు, ఒనేలియాకి అంటుకునే నీడ.

ఫ్యాక్టరీలో ఎత్తు కుర్చీ మీద కూర్చుని ఒకాయన రోజూ పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల పైకి చదివేవాడు. ఆమె చేతులు ఆకు చుడుతుంటే చెవులు చదువుకున్నాయి. ఒకప్పుడు నవలల్లో అధ్యాయాలకి అధ్యాయాలు ఇంటికొచ్చి వీధివాళ్ళకి ఒప్పజెప్పేది. అలాంటిది రెండేళ్ళుగా అన్నీ జారిపోతున్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి వరండాలోకి వచ్చిందంటే పాల సంగతి ఉండదు. చీటీలు రాసుకుంది. చీటీలు ఏ జేబులో పెట్టిందో గుర్తు లేదు.

మూడోసారి గిన్నె మాడి, వంటింటి కర్టెన్ అంచు కూడా అంటుకున్నాక ఇదాల్మిస్ ఒక నిర్ణయానికి వచ్చింది. ఇదాల్మిస్ ఒనేలియా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయి పదహారేళ్ళయింది. ఈ పిల్ల శాంతా క్లారా పట్నంలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటూ, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ప్రతి గురువారం రెండు బస్సులు మారి పెద్దమ్మని చూడడానికి వస్తుంది. ఆమె చెప్పిందేమిటంటే, ఇళ్ళు మార్చుకుందాం. తన మూడో అంతస్తు వాటా, పెద్దమ్మ ఇల్లు, రెండూ ఇచ్చేస్తే శాంతా క్లారాలోనే ఇద్దరికీ సరిపోయే ఇల్లొకటి ఇచ్చేవాళ్ళు దొరికారు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారు. ఒనేలియా సరే అంది. సరే అన్నట్టు ఆమెకి బాగా గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండునని కూడా అనుకుంది.

అయితే ఇంటి గోడలు రంగు చూసి ఇరవై ఏళ్ళయింది. వచ్చేవాళ్ళు ఆ పెచ్చులు చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతారని ఇదాల్మిస్ దిగులు. సరిగ్గా ఆ గురువారమే యౌమారా తలుపు తట్టింది.

యౌమారా సినిమా బడిలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. పొట్టిగా ఉంటుంది, గొంతు పోయేలా మాట్లాడుతుంది. పట్టా కోసం గంటన్నర సినిమా తీయాలి. ఎత్తు కప్పు, నిలువెత్తు కిటికీలు ఉన్న పాత ఇల్లు కావాలి. కెమెరా పదకొండు రోజులకి అరువిచ్చారు.

"డబ్బుల్లేవు అమ్మమ్మా, ముందే చెప్పేస్తున్నా. మా దగ్గరున్నది పెయింటు. ఎవరో సెట్టు వేసి మిగిల్చిన లేత పసుపు, రెండు డబ్బాలు. షూటింగ్ అయిపోయాక మీ ఇల్లంతా మేమే వేసి వెళ్తాం."

ఆ మాట వినగానే ఇదాల్మిస్ లోపలికి పరిగెత్తి ఆ పిల్లకి కాఫీ తెచ్చింది.

వచ్చింది మొత్తం అయిదుగురు. కెమెరా, లైట్లు చూసేవాడు ఒస్నియేల్. తాటిచెట్టంత పొడుగు, చొక్కా అంచు చుట్టూ బట్టల క్లిప్పులు తగిలించుకుని తిరిగేవాడు. వాళ్ళకున్న నిజమైన లైటు ఒక్కటే, పెద్దది. అది వెలిగితే గది పొయ్యిలా కాగేది. దాని స్టాండు విరిగిపోతే ఎదురింటి నర్సు సెలైన్ బాటిల్ తగిలించే కడ్డీ ఇచ్చింది. మిగతా రెండూ రాత్రి కాంక్రీటు పనికి వాడే దీపాలు, వాటి ముందు ఒనేలియా తెల్ల దుప్పట్లు కట్టి వెలుగు మెత్తబరిచేవాడు.

సినిమాలో కథ ఒక ముసలావిడ తన పియానో అమ్మేయడం గురించి. ఆ వేషానికి ఊళ్ళోనే ఉన్న మిర్తాని ఒప్పించారు. ముప్ఫై ఏళ్ళు రేడియో నాటకాల్లో ఏడ్చి, ఏడిపించి, రిటైరైన మనిషి. ఆమె ఒకటే షరతు పెట్టింది. లైట్లు సర్దుకునే గంటలు గంటలు తను నిలబడదట.

"నా మోకాళ్ళు నటించడానికి ఒప్పుకున్నాయి నాయనా. మీ బల్బుల ముందు గుంజలా నిలబడ్డానికి ఒప్పుకోలేదు," అని వరండాలో కూర్చుని విసనకర్ర తీసింది.

ఒస్నియేల్ చుట్టూ చూశాడు. ఒనేలియాదీ మిర్తాదీ ఒకే ఎత్తు, ఒకే రంగు జుట్టు.

"మీరు కాస్త అక్కడ నిలబడతారా? ఏం చెయ్యక్కర్లేదు. మాటలు కూడా లేవు."

ఒనేలియాకి ఆ పని వచ్చినంత తేలిగ్గా ఈ మధ్య ఏ పనీ రాలేదు. నేల మీద అతికించిన టేపు ముక్క మీద కాళ్ళు పెట్టి నిలబడాలి. గుర్తు పెట్టుకోవలసింది ఏమీ లేదు. ఆ పెద్ద లైటు వేడికి మెడ వెనక చెమట కారుతుంటే, ఆకులు ఎండబెట్టే కొట్టు గుర్తొచ్చి హాయిగా కూడా ఉండేది. కాకపోతే ఎండలో గంటకి అంటుకునే నీడ, ఆ లైటు ముందు ఇరవై నిమిషాలకే అంటుకుపోయింది. మొదటిరోజు ఆమె సిగ్గుపడి బకెట్టు తెచ్చింది.

ఒస్నియేల్ గోడ దగ్గరికి వెళ్ళి ఆ నీడ అంచుల మీద వేలు పెట్టి చూశాడు. తల ఎంత ఎత్తులో పడింది, అంచు ఎక్కడ పదునుగా ఉంది, ఎక్కడ మెత్తబడింది, అన్నీ చూసుకున్నాడు.

"కడగొద్దు అమ్మమ్మా. కరెంటు పోయి రేపు మళ్ళీ ఇదే సీను తియ్యాలంటే లైటు ఎక్కడుండాలో నాకు ఇది చెప్తుంది. నా చేతిరాత కంటే నయం."

అలా ఒక్కో రోజుకీ ఒక్కో నీడ చొప్పున ఇంట్లో మిగలడం మొదలయింది. హాల్లో రెండు, నడవలో ఒకటి, వంటింట్లో పొయ్యి పక్కన ఒకటి. ఒనేలియా పొద్దున పూట బకెట్టు ముట్టుకోకుండా సోమరిగా కాఫీ తాగడం నేర్చుకుంది.

నాలుగోరోజు మధ్యాహ్నం సినిమా పిల్లలందరూ వరండాలో అన్నం, నల్ల చిక్కుళ్ళు తింటున్నారు. ఒనేలియా దేనికో వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళాక దేనికో తెలియలేదు. ఇలాంటప్పుడు ఆమెకి, చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉంటుంది. అలా గోడకి ఆనుకుని నిలబడింది. వీపు వెళ్ళి పొయ్యి పక్కనున్న తన నీడలో సరిగ్గా కూర్చుంది. కూర్చోగానే, 'గ్యాస్ మీట తిప్పానా లేదా' అన్న మాట ఎవరో అందించినట్టు మనసులోకి వచ్చింది. చెయ్యి దానంతటదే వెళ్ళి మీట తిప్పింది. మీట అప్పటిదాకా తెరిచే ఉంది.

రెండ్రోజుల కిందట ఇక్కడ లైటు పెడుతున్నంతసేపూ తను భయంతో అనుకుంటూ నిలబడింది సరిగ్గా అదే. నీడ ఆ మాటని కూడా పట్టుకుని ఉంచింది. మొదటిసారి ఒనేలియాకి జీవితమంతా కడిగి పారేసిన గోడల మీద జాలి వేసింది.

ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నిలబడమన్న చోటల్లా ఒక పనికొచ్చే మాట తలుచుకుంటూ నిలబడేది. నడవలో, మేకుకి తగిలించిన తాళంచెవి. హాల్లో, రక్తపోటు మాత్ర ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం.

ఆఖరి సీను పియానో పక్కన, కిటికీ దగ్గర. ముసలావిడ పియానో కొన్నవాళ్ళతో "తీసుకెళ్ళండి, నాకు ఇంక అక్కర్లేదు" అనాలి. గురువారం తీయాలి, ఎందుకంటే శుక్రవారం మిర్తా హవానా వెళ్ళిపోతుంది, మళ్ళీ దొరకదు. బుధవారం పొద్దుటి నుంచి లైటు సర్దుదామని ఒస్నియేల్ అనుకున్నాడు. పదింటికి కరెంటు పోయింది.

అప్పుడతను ఒనేలియా బీరువా తలుపు ఊడదీసి, దాని అద్దాన్ని వీధిలోకి మోసుకెళ్ళాడు. మంగలి యులోహియో దుకాణంలోంచి ఇంకో అద్దం. ఒకదాని మీది ఎండని ఇంకొకదాని మీదికి, అక్కణ్ణించి కిటికీలోంచి పియానో పక్కన నిలబెట్టిన ఒనేలియా మీదికి మళ్ళించాడు. పెద్ద లైటు కూడా అంత బాగా పడలేదు. ఒక సైకిలాయన కళ్ళు చెదిరి వీళ్ళ తాతలందర్నీ తలుచుకుంటూ పోయాడు. "సూర్యుడు జరిగినప్పుడల్లా అద్దం జరుపు మావా, ఆవిడ ముఖం మీద వెలుగు తప్పకూడదు," అని యులోహియోకి అప్పజెప్పి, ఒస్నియేల్ కొలతలు రాసుకున్నాడు. రాసుకున్నాక, జెనరేటరు ఎవరిదగ్గరో ఉందంటే అందరూ కట్టగట్టుకుని దాని వెనక వెళ్ళారు. లైటు కోసం నిలబెట్టిన మనిషిని ఇంక కూర్చోమని చెప్పాలి. ఒస్నియేల్ యౌమారా చెప్పిందనుకున్నాడు, యౌమారా ఒస్నియేల్ చెప్పాడనుకుంది. యులోహియోకి ఆపమని ఎవరూ చెప్పలేదు గనక అతను గడ్డం కోసం వచ్చినవాడితో బేస్‌బాల్ గురించి తగువు పడుతూనే అద్దం జరుపుతూ కూర్చున్నాడు.

ఒనేలియా రెండు గంటలు నిలబడింది. కూర్చోమనలేదు గనక కూర్చోలేదు. ఆ రెండు గంటలూ పనికొచ్చే మాటలేవీ తలుచుకోలేదు. ఒకే సంగతి తలుచుకుంది, ఎవరికీ చెప్పనిది. వాళ్ళు తిరిగొచ్చి నాలుక్కరుచుకుని కుర్చీ వేసేసరికి గోడ మీద నీడ సిరా పోసినట్టు నల్లగా ఉంది.

గురువారం ఇదాల్మిస్ వచ్చి ఇల్లంతా చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇదేమిటి, ఇంటినిండా నువ్వే ఉన్నావు. ఆదివారం వాళ్ళొస్తారు."

"పెయింటు వేస్తారులే," అంది ఒనేలియా, మొహం తిప్పుకుని.

ఆ మాట అంటుంటే ఆమెకి పొయ్యి పక్క నీడ మీద లేత పసుపు రంగు బ్రష్షు తిరిగినట్టు అనిపించింది. పిల్లలకి ఇచ్చిన మాట, ఇదాల్మిస్‌కి ఇచ్చిన మాట, రెండూ ఆ పెయింటు డబ్బాల్లోనే ఉన్నాయి. ఇంక నోరెత్తడానికేం లేదు.

సౌండు చూసే అబ్బాయికి జ్వరం. మనిషి తక్కువయ్యాడని యౌమారా వెదురుకర్రకి కట్టిన మైకు ఇదాల్మిస్ చేతికిచ్చింది. మిర్తా తలపైన ఎత్తి పట్టుకోవాలి, కెమెరాలో కనబడకూడదు, ఏం జరిగినా చప్పుడు చెయ్యకూడదు. రక్తం తీసేటప్పుడు కూడా తన చెయ్యి వణకదని చెప్పి ఇదాల్మిస్ కర్ర అందుకుంది. ఒనేలియా కెమెరా వెనక పీట మీద కూర్చుంది.

మొదటి రెండు షాట్లూ పాడయ్యాయి. మిర్తా గోడని ఆనుకుని ఉన్న టేపు మీద కాకుండా ఒక అడుగు ముందు నిలబడుతోంది, వెలుగు మెడ మీద పడుతోంది.

"ఒక్క అడుగు వెనక్కమ్మా," అన్నాడు ఒస్నియేల్.

"వెనక్కంటే ఆవిడ నీడలోకి. ఇంకొకరి నీడలో నిలబడ్డం నా వృత్తిలో లేదు."

"జెనరేటర్లో ఇంకో పది నిమిషాలకే నూనె ఉంది మిర్తమ్మా," అంది యౌమారా. ఆమె గొంతు మొదటిసారి సన్నబడింది. ఇది రాకపోతే సినిమాకి చివర లేదు, పట్టా లేదు.

మిర్తా నిట్టూర్చి వెనక్కి జరిగింది. భుజాలు వెళ్ళి నీడ భుజాల్లో ఇమిడాయి. కెమెరా తిరిగింది. మిర్తా పియానో మీద చెయ్యి వేసి, కొనేవాళ్ళ వైపు చూసి, నోరు తెరిచింది. వచ్చిన మాటలు స్క్రిప్టులో లేవు.

"నేను ఎక్కడికీ రాను," అంది మెల్లగా. రేడియోలో ఎన్నడూ వినిపించని గొంతు అది. "అక్కడ ఏ గోడ ఎటుందో నాకు తెలియదు. ఇక్కడ నేను మరిచిపోయినా నా చేతులకి తెలుసు. ఆ కొత్త ఇంట్లో చేతులు కూడా మరిచిపోతాయి. అప్పుడు ఇంక నేనెవర్ని? ఇదాల్మిస్‌తో చెప్పాలంటే నోరు రాదు. రెండు బస్సులు మారి వస్తుంది పిల్ల. పెళ్ళీ పెటాకులూ మానుకుని నా గిన్నెలు తోముతుంది. కాదంటే దాని మనసు విరుగుతుందేమోనని సరే అన్నాను. మనస్ఫూర్తిగా అనలేదు."

ఇదాల్మిస్ చేతిలో వెదురుకర్ర వణికింది. వణికినా కిందికి దిగలేదు, కెమెరాలోకి రాలేదు. కళ్ళనీళ్ళు గడ్డం దాకా వచ్చి కారుతుంటే తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. యౌమారా కట్ చెప్పలేదు. మిర్తా పియానో మూత మెల్లగా వేసి, దాని మీద తల ఆనించుకుంది. అప్పుడు చెప్పింది యౌమారా, "కట్."

మిర్తా తలెత్తి గొంతు సవరించుకుంది. "ఈ డైలాగు ఎవరు రాశారే? బాగుంది. ముందే ఇచ్చుంటే బట్టీ పట్టేదాన్ని కదా."

యౌమారా వెనక్కి తిరిగి పీట మీద కూర్చున్న మనిషిని చూసింది. "వాడుకోమంటారా అమ్మమ్మా?"

"పిల్ల పేరు తీసెయ్," అంది ఒనేలియా, నేల చూస్తూ.

ఇదాల్మిస్ కర్ర గోడకి ఆనించి, ముక్కు తుడుచుకుని, ఆమె ముందు వచ్చి కూర్చుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"చెబుదామనే అనుకున్నానే. మరిచిపోయాను."

ఇదాల్మిస్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకాసేపు ఏడ్చింది. తర్వాత, రక్తపరీక్ష ఫలితం చదివే మనిషి గనక, "మరి పొయ్యి సంగతేమిటి?" అని అడిగింది.

ఒనేలియా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, పొయ్యి పక్క నీడలో ఆమెని నిలబెట్టింది. ఇదాల్మిస్ ఒక తల పొడుగు. కాస్త మోకాళ్ళు వంచాల్సి వచ్చింది. వంచిందో లేదో చెయ్యి మీట వైపు వెళ్ళింది. చేతిని వెనక్కి లాక్కుని చూసుకుంది. మళ్ళీ నిలబడింది, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి కూడా చూశాక నడవలోకి వెళ్ళి అక్కడి నీడలో నిలబడి, తలెత్తకుండానే మేకు మీది తాళంచెవి అందుకుంది.

"వారానికి రెండుసార్లు వస్తాను," అంది చివరికి. "గిన్నె మళ్ళీ మాడితే మాట్లాడుకుందాం. మాడకపోతే ఆ మాటే ఎత్తను."

ఆదివారం శాంతా క్లారా వాళ్ళు రానే వచ్చారు, మొగుడూ పెళ్ళామూ. వరండాలోనే కుర్చీలు వేసి ఇదాల్మిస్ కాఫీ ఇచ్చింది, కుదరదని చెప్పింది. ఆవిడకి కోపం వచ్చినా కాఫీ బాగుందని ఇంకో కప్పు తాగి వెళ్ళింది. యౌమారా వాళ్ళు బ్రష్షులు, డబ్బాలు పట్టుకుని హాల్లో నిలబడ్డారు.

"మాట మాటే అమ్మమ్మా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

ఒనేలియా చెల్లెలి కూతురి వైపు చూసింది.

"బయటి గోడకి," అంది ఇదాల్మిస్. "వీధి వైపంతా వెయ్యండి. మిగిలితే పెరటి వైపు. లోపల చుక్క పడిందో, బ్రష్షు లాక్కుంటాను."

ఒస్నియేల్ మాత్రం బ్రష్షు పట్టలేదు. పెద్ద లైటుని నాలుగింటికి తిరిగి ఇచ్చేయాలి, రెండయింది, అదృష్టం కొద్దీ కరెంటుంది. "ఇంకెక్కడైనా నిలబడాలా?" అని అడిగాడు. ఒనేలియా అప్పటికే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. వీధి తలుపు దగ్గర, గడియ. మంచం పక్కన, పడుకునే ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టాలో. నీళ్ళ డ్రమ్ము దగ్గర, పంపు వచ్చే రోజులు. ఫ్యాక్టరీలో విన్న ఒక నవల మొదటి వాక్యం కూడా ఉంది, అది ఎందుకూ పనికిరాదు, దానికి ఊగే కుర్చీ వెనక చోటిచ్చింది. చివరికి వీధి కిటికీ దగ్గర నిలబడి, లైటు వేసి అందర్నీ బయటికి పొమ్మంది. ఇరవై నిమిషాలు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఏం తలుచుకుందో చెప్పలేదు.

సినిమా తయారవడానికి ఏడు నెలలు పట్టింది. యౌమారాకి పట్టా వచ్చింది. ఈ లోపల గిన్నెలేవీ మాడలేదు. ఒకసారి అన్నం అడుగంటింది గానీ అది ఇదాల్మిస్ పెట్టిన అన్నం.

ఒక గురువారం ఇదాల్మిస్ బస్సు దిగి అలిసిపోయి వచ్చి, కాఫీ కప్పు పట్టుకుని ఆ వీధి కిటికీ పక్క గోడకి చేరగిలబడింది. మోకాళ్ళు కొద్దిగా వంగాయి. ఉన్నట్టుండి ఆమెకి ఒక పిల్ల కనబడింది, పైనుంచి చూస్తున్నట్టు. ఏడెనిమిదేళ్ళుంటాయి. ముందు పన్ను లేదు, నీలం రిబ్బను ఒకటి ఊడి భుజం మీద పడింది, తొక్క తియ్యకుండానే మామిడిపండు కొరికి గడ్డమంతా పూసుకుంది. ఆ పిల్లని చూస్తూ ఎవరో లోపల్లోపల ఒకటే పేరు పలుకుతున్నారు, బళ్ళో పాఠం బట్టీ పట్టే పిల్లలా, తప్పు పోకూడదన్నట్టు. ఇదాల్మిస్. ఇదాల్మిస్. నా చెల్లెలి కూతురు ఇదాల్మిస్.

కాఫీ చల్లారిపోయేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు. వంటింట్లో పాలు పొంగడానికి వచ్చిన చప్పుడు, ఆ వెంటనే ఎవరో పొయ్యి మీట తిప్పిన చప్పుడు వినబడ్డాయి.